టాంగిల్‌వుడ్ లాన్ మీద కచేరీకి వెళ్లేముందు

అమెరికాలోని మసాచుసెట్స్‌లో, లెనాక్స్ ఊళ్లో ఉన్న టాంగిల్‌వుడ్‌లో బోస్టన్ సింఫనీ ఆర్కెస్ట్రా వేసవి కచేరీకి లాన్ టికెట్ (ఆరుబయట గడ్డిమీద కూర్చునేది) కొన్నారా? ఇవి చూసుకోండి.

– పైకప్పు ఉండదు. రెయిన్‌కోటు, తడి పైకి రాని షీటు తప్పనిసరి. జూలైలోనూ పొద్దుగూకితే చలేస్తుంది, స్వెట్టర్ పెట్టుకోండి.

– గడ్డిలో టిక్ పురుగులు (ఒంటికి పట్టి రక్తం పీల్చే పిడుదులు) ఉండొచ్చు. లైమ్ అనే బాక్టీరియా జబ్బు వచ్చేది వాటి కాటు వల్లే. ఇంటికి రాగానే పిల్లల మోకాళ్ల వెనక, చెవుల వెనక, జుట్టులో వెతకండి.

– పులిహోర పట్టుకెళ్లొచ్చు. చిప్స్ ప్యాకెట్లు మాత్రం ముందే విప్పేయండి. షేక్‌స్పియర్ నాటకం చదివి జర్మన్ స్వరకర్త మెండెల్సన్ 1826లో, 17 ఏళ్లకే రాసిన ‘ఎ మిడ్‌సమ్మర్ నైట్స్ డ్రీమ్’ ఓవర్చర్ (ఆర్కెస్ట్రా వాయించే ప్రారంభ సంగీతం) ఉంటే మరీ జాగ్రత్త. మొదట్లో ఫ్లూట్లు, క్లారినెట్లు మెల్లగా అందుకునే ఆ నాలుగు స్వరగుచ్ఛాలు కవర్ చప్పుడుకే వినబడకుండా పోతాయి. ఆ నాటకంలో ఒకడికి గాడిద తల వస్తుంది; కథ ముందే చెప్పి తీసుకెళ్తే, వయొలిన్లలో గాడిద ఓండ్ర ఎక్కడొస్తుందో పిల్లలే పట్టేస్తారు.

– ఫోన్ సైలెంట్.

– కారు ఎక్కడ పెట్టారో ఫొటో తీసుకోండి. చీకట్లో వెతుక్కోవడం నరకం.