గాల్‌బ్లాడర్ తీసేశాక పొట్టతో వేగడం ఎలా

చేపలు బాగు చేసేటప్పుడు పొట్ట కోసి ముందుగా చేదు తీసి పారేస్తాం కదా, పచ్చగా, వేలు గట్టిగా తగిలితే పగిలిపోయే చిన్న తిత్తి, మనిషిలో గాల్‌బ్లాడర్ అంటే అదే. నాది తీసేసి రెండేళ్లు దాటింది. రాళ్లున్నాయన్నారు, పొట్ట మీద నాలుగు చిన్న గాట్లు పెట్టి లాప్రోస్కోపీలో తీసేశారు, మూడో రోజు ఇంటికి పంపేశారు. వచ్చేటప్పుడు ఏం తినాలండీ అని అడిగితే "అన్నీ తినొచ్చమ్మా, కొంచెం ఆయిల్ తగ్గించండి" అన్నారు, అదీ తలుపు దగ్గర నిలబడి. ఆ కొంచెం అంటే ఎంతో నాకు తెలిసేసరికి ఆరు నెలలు పట్టింది.

నేను హైస్కూల్లో లెక్కలు చెబుతాను. పొద్దున రెండు ఇడ్లీలు పల్లీ చట్నీతో తిని బస్సెక్కితే, స్కూలు గేటు కనిపించేసరికి కడుపులో మెలి తిప్పేది. ఫస్ట్ పీరియడ్‌లో పిల్లలకి ఏదో లెక్క ఇచ్చి పరుగెత్తిన రోజులు లెక్కలేనన్ని. చాలామందికి ఇంత ఉండదు, కొన్ని వారాల్లో సర్దుకుంటుంది, అసలేమీ అనిపించని వాళ్లూ ఉన్నారు. నాలా సర్దుకోని వాళ్ల కోసమే ఇది రాస్తున్నా.

లోపల ఏమవుతోంది

పిత్తరసాన్ని తయారు చేసేది లివర్. గాల్‌బ్లాడర్ దాన్ని చిక్కబరిచి దాచిపెడుతుంది, అంతే. పట్టేది 30 నుంచి 50 ఎం.ఎల్. మనం నూనె, నెయ్యి ఉన్న తిండి తినగానే ముడుచుకుని ఆ దాచిందంతా పేగులోకి వదులుతుంది. లివర్ మాత్రం రోజుకి అర లీటరు నుంచి లీటరు దాకా తయారు చేస్తూనే ఉంటుంది, ఆపరేషన్ అయ్యాక కూడా. కాబట్టి "అది తీసేస్తే లివర్ పాడైపోతుందట" అని ఎవరన్నా అంటే పట్టించుకోకండి. గుర్రానికీ, ఎలుకకీ, పావురానికీ పుట్టుకతోనే గాల్‌బ్లాడర్ లేదు, అవన్నీ బానే తిరుగుతున్నాయి.

మేడ మీద ట్యాంకు తీసేసి మున్సిపాలిటీ పంపుని నేరుగా బాత్‌రూమ్‌కి కలిపారనుకోండి. సన్నటి ధార రాత్రీ పగలూ వస్తూనే ఉంటుంది, కానీ ఒక్కసారిగా బకెట్ నిండా కావాలంటే రాదు. మన బాధలు రెండూ ఇక్కడి నుంచే పుడతాయి, రెండూ వేరువేరు, దీన్ని కలగలిపే నేను ఆరు నెలలు పోగొట్టుకున్నాను. ఒకటి, నూనె ఎక్కువున్న భోజనం ఒక్కసారే పడితే దానికి సరిపడా పిత్తరసం ఆ క్షణంలో ఉండదు, కొవ్వు సరిగ్గా అరగదు, అప్పుడు ఉబ్బరం, తేన్పులు, బరువు. రెండోది దీనికి తలకిందులు. మామూలుగా పేగులోకి వచ్చిన పిత్త లవణాల్లో (పిత్తరసంలో కొవ్వుని అరిగించేవి ఇవే) నూటికి 95 వంతులు చిన్నపేగు చివర మళ్లీ లోపలికి పీల్చుకుంటుంది. ధార ఆగకుండా వస్తుంటే కొందరిలో కొంత పెద్దపేగులోకి జారిపోతుంది, అక్కడ అది నీటిని లాగుతుంది. ఫలితం పసుపుపచ్చగా, నీళ్లలా, మంటతో విరేచనాలు, అదీ "ఇప్పుడే" అన్నట్టు. మీది ఏ రకమో ముందు తేల్చుకోండి, రెండూ ఉండొచ్చు కూడా.

మొదటి రెండు వారాలు వేరే కథ. ఆపరేషన్ కోసం పొట్టలోకి కార్బన్ డయాక్సైడ్ గ్యాస్ ఎక్కిస్తారు, అందులో మిగిలింది రెండు మూడు రోజులు భుజం నొప్పిగా తేలుతుంది. గుండె నొప్పేమో అని నాకు చచ్చేంత టెన్షన్. ఇంట్లోనే మెల్లగా నడుస్తుంటే పోతుంది. ఛాతీ నొక్కేసినట్టున్నా, ఆయాసం వచ్చినా మాత్రం అది గ్యాసే అని కూర్చోకుండా ఆసుపత్రికి వెళ్లాలి. నొప్పి మాత్రల వల్ల మలబద్ధకం కూడా రావచ్చు. ఆ రోజుల్లో ఇడ్లీ, చారన్నం, పెసరకట్టు, బీరకాయ, సొరకాయ, వెన్న తీసిన మజ్జిగ, రాగి జావ చాలు.

నూనె లెక్క

మా ఇంట్లో వంట అత్తయ్యగారిది. ఆవిడ నూనె చేత్తో కాదు, కంటితో కొలుస్తారు. "నీకోసం తగ్గించే వేస్తున్నానమ్మా" అనేవారు, నిజంగానే అనుకునేవారు కూడా. ఒకరోజు ఆవిడ వాడే గుంట గరిటెలో నీళ్లు పోసి, దగ్గు సిరప్ సీసాతో వచ్చే గీతల కప్పులోకి వంచి చూశాను. గరిటెడు 30 ఎం.ఎల్. వంకాయ కూరకి గరిటెన్నర, అంటే 45 ఎం.ఎల్., నలుగురికి పంచితే మనిషికి 10 గ్రాముల కొవ్వు పైనే. ఇది కూర ఒక్కటే. పప్పులో పోపు, అన్నంలో నెయ్యి, ఆవకాయ ముక్క చుట్టూ ఉన్న ఊట, మీగడ పెరుగు వేసుకుంటే ఒక్క పూటకే 30 గ్రాములు దాటింది. ఇద్దరం ఆ కాగితం చూసి నవ్వుకున్నాం, ఆ మర్నాటి నుంచి గరిటె పోయి టీ స్పూను వచ్చింది.

టీ స్పూను నూనె 5 ఎం.ఎల్., అంటే నాలుగున్నర గ్రాముల కొవ్వు. నేను పెట్టుకున్న హద్దు పూటకి రెండు స్పూన్లు, అన్నీ కలిపి. ఇది నా ఒంటికి కుదిరిన అంకె, మీకు మూడు పడొచ్చు, మొదట్లో ఒకటే పట్టొచ్చు. అసలు నూనె మానేయడం మాత్రం వద్దు, నేను ఒక నెల అలా చేసి నీరసపడ్డాను. ఎ, డి, ఇ, కె విటమిన్లు ఒంటికి పట్టాలంటే కొంత కొవ్వు ఉండాలి. ధార సన్నగా వస్తోంది కాబట్టి కొవ్వు కూడా కొంచెం కొంచెంగా, పూటపూటకీ పంచుకుని వెళ్లాలి.

కనిపించే నూనెతో పెద్ద గొడవ లేదు, బజ్జీ చూస్తే భయం వేస్తుంది, వదిలేస్తాం. కనిపించనిదే దెబ్బ కొడుతుంది. పల్లీల్లో దాదాపు సగం నూనే, నువ్వులూ అంతే. నన్ను బస్సులో ఏడిపించింది ఇడ్లీ కాదు, దాని పక్కనున్న చట్నీ! ఇప్పుడు టమాటా చట్నీయో, శనగపప్పు చట్నీలో గుప్పెడు కొత్తిమీరో. కొబ్బరి, జీడిపప్పు మసాలా కూరలు, మీగడ, హోటల్ దోసె కూడా ఈ కోవే. ఆవకాయ మానక్కర్లేదు, ముక్క తీసుకుని ఊట జాడీలోనే వదిలేయండి. కారం సంగతికొస్తే, గుంటూరు మనిషిని, చెప్పడానికి మనసొప్పదు గానీ మిరపకారం పేగుల్ని తొందరపెడుతుంది. మొదటి మూడు నెలలు సగం తగ్గించండి.

గ్యాప్ ఇవ్వకండి

ఆపరేషన్ అయిన ఏడాది కార్తీక సోమవారం ఉపవాసం ఉన్నాను. నక్షత్రాలు వచ్చేదాకా మంచినీళ్లు, ఒక కాఫీ. రాత్రి పులిహోర, గారెలు, ఆకలి మీద ఎన్ని తిన్నానో కూడా తెలియదు. తెల్లవార్లూ బాత్‌రూమే. పగలంతా పిత్తం ఖాళీ పేగులోకి కారింది, రాత్రి ఒక్కసారే నూనె బరువు పడింది, రెండు రకాల బాధా ఒకే రాత్రి. మరుసటి ఏడాది పగలు రెండు సార్లు అరటిపండు, సాయంత్రం పెరుగులో అటుకులు, రాత్రి ఒక్క గారె. దేవుడేమీ అనుకోలేదు.

ఉపవాసాలు లేకపోయినా టిఫిన్ మానేసి మధ్యాహ్నం కూర్చుని పీకల్దాకా తినే అలవాటు ఉంటే అదే జరుగుతుంది. మూడు పెద్ద పూటల బదులు ఐదు చిన్న పూటలు చేసుకోండి. పరగడుపు కాఫీ ఇంకో శత్రువు, కాఫీ పెద్దపేగుని కదిలిస్తుంది. నేను మానలేదు, టిఫిన్ తర్వాతకి జరిపాను, దాంతోనే సగం ఫస్ట్ పీరియడ్లు దక్కాయి.

పీచులో నీళ్లలో జిగురుగా కరిగే రకం మనకి పనికొస్తుంది. ఓట్లు, బార్లీ జావ, అరటిపండు, తొక్క తీసిన యాపిల్. ఇసబ్‌గోల్ అంటే మలబద్ధకం మందు అనుకుంటాం గానీ అది నీటిని పట్టి ఉంచుతుంది కాబట్టి నీళ్ల విరేచనాలకీ పనిచేస్తుంది. అర స్పూనుతో మొదలుపెట్టి వారానికి కాస్త పెంచండి, పెద్ద గ్లాసు నీళ్లలో కలిపి గట్టిపడకముందే తాగేయాలి, వేరే మాత్రలకీ దీనికీ రెండు గంటల తేడా ఉండాలి. మొదటి రోజే రెండు స్పూన్లు వేస్తే ఉబ్బరం పెరుగుతుంది, నేను వేసి చూశాను. పచ్చి సలాడ్లు, గుగ్గిళ్లు, గోధుమ తవుడు కాస్త కుదుటపడ్డాక.

అప్పటికీ తగ్గకపోతే

ఇవన్నీ నెల, రెండు నెలలు చేసినా నీళ్ల విరేచనాలు ఆగకపోతే "ఆపరేషన్ అయింది కదా, ఇంతే" అని ఊరుకోకండి. పిత్త లవణాల వల్ల వచ్చే విరేచనాలకి మందు ఉంది. కొలెస్టిరమిన్ అనే పొడి, ఆ లవణాల్ని పేగులోనే పట్టుకుని బయటికి పంపేస్తుంది. ఐదో నెలలో గ్యాస్ట్రో డాక్టరు రాసిచ్చారు, వారంలో తేడా తెలిసింది. అంతకుముందు నన్ను చూసినవాళ్లెవరూ ఆ మాటే ఎత్తలేదు, కాబట్టి మీరే అడగండి: "ఇది బైల్ యాసిడ్ వల్ల, అంటే ఆ పిత్త లవణాల వల్ల అవుతోందా?" ఆ పొడి పక్కనున్న మందుల్ని కూడా పట్టేసుకుంటుంది, అందుకే థైరాయిడ్ మాత్ర, రక్తం పల్చబడే మాత్ర లాంటివి దానికి గంట ముందో, నాలుగు నుంచి ఆరు గంటల తర్వాతో వేసుకోవాలి. మోతాదు డాక్టరుగారే చెప్పాలి, ఎక్కువైతే మలబద్ధకం వస్తుంది.

మీ మందుల డబ్బా కూడా ఒకసారి కుమ్మరించి చూడండి. షుగర్‌కి మెట్‌ఫార్మిన్ వాడుతున్నారా? అది చాలామందికి విరేచనాలు చేస్తుంది. మెగ్నీషియం ఉన్న యాంటాసిడ్ సిరప్ కూడా. డిశ్చార్జ్ కాగితంలో రాసిన గ్యాస్ మాత్ర ఏడాదైనా అలాగే మింగుతున్నవాళ్లు నాకు ఎంతమంది తెలుసో, ఇంకా అవసరమా అని అడగండి. మీ అంతట మీరు మాత్రం ఏదీ ఆపేయకండి. ఇంకో మాట, ఆపరేషన్‌కి ముందు నుంచీ ఉన్న తేన్పులు, ఉబ్బరం ఇప్పుడూ అలాగే ఉంటే, అవి అసలు రాళ్ల వల్ల వచ్చినవి కాకపోవచ్చు. అల్సరో, ఐబీఎస్సో (పేగులు ఊరికే ఇబ్బంది పెట్టే జబ్బు) చూపించుకోవాలి.

లివర్ శుభ్రం చేస్తామంటూ ఆలివ్ నూనె, నిమ్మరసం కలిపి తాగించే వీడియోల జోలికి వెళ్లకండి. గాల్‌బ్లాడర్ లేని మనిషికి ఒకేసారి కప్పు నూనె పట్టిస్తే ఏమవుతుందో పైన చదివారు కదా.

డాక్టరు దగ్గరికి వెళ్లేముందు రెండు వారాలు నోట్‌బుక్కు రాయండి. టైము, ఏం తిన్నాం, అందులో నూనె ఎన్ని స్పూన్లు, ఎంతసేపటికి ఏమైంది, నాలుగు గడులు చాలు. నాది పాత లెక్కల నోట్సు వెనక పేజీల్లో ఉంది. పల్లీ చట్నీ దొంగ దొరికింది అందులోనే. పాలు, పప్పు, గోంగూర అన్నిటినీ నేను అనవసరంగా తిట్టుకున్నానని కూడా తేలింది.

కళ్లు పచ్చబడినా, మూత్రం ముదురు రంగులోకి మారినా, మలం సున్నం కలిపినట్టు తెల్లగా వచ్చినా, చలితో జ్వరం వచ్చినా, డొక్కలో నొప్పి గంటల తరబడి వదలకపోయినా, వాంతులు ఆగకపోయినా ఈ చిట్కాలేవీ వద్దు, అదే రోజు ఆసుపత్రికి వెళ్లండి. పిత్తనాళంలో రాయి మిగిలిపోయి ఉండొచ్చు. విరేచనంలో రక్తం పడినా, కారణం లేకుండా బరువు తగ్గుతున్నా, మలం జిడ్డుగా తేలుతూ నీళ్లు పోసినా పోకపోతున్నా ఆలస్యం చేయకుండా చూపించుకోవాలి. జ్వరం, రక్తం ఉన్నప్పుడు లోపెరమైడ్ లాంటి కట్టు మాత్రలు సొంతంగా వేసుకోకూడదు. విరేచనాలు ఎక్కువైన రోజు ఓఆర్ఎస్ ప్యాకెట్టు దాని మీద రాసినన్ని నీళ్లలో కలిపి తాగుతూ ఉండండి.

పెళ్లిళ్ల సంగతి చెప్పి ఆపేస్తా. ఆకలితో పెళ్లికి వెళ్లకండి, బయల్దేరేముందు కాస్త పెరుగన్నం తినండి. విస్తట్లో అన్నీ వేయించుకోండి, ఎవరూ ఏమీ అడగరు, కానీ నూనె తేలే కూర ఒక్కటే ఎంచుకోండి, మిగతాది చారు, మజ్జిగలతో లాగించేయండి. బూరె తినొచ్చు, ఒక్కటి. దానికి చిల్లు పెట్టి నెయ్యి పోయడానికి వడ్డించే అబ్బాయి గిన్నె పట్టుకుని వస్తాడు చూడండి, అప్పుడు మాత్రం చెయ్యి అడ్డం పెట్టండి. రెండోసారి కూడా వస్తాడు.