దసరా స్టేజీలకు వెళ్లే ఆర్కెస్ట్రా కుర్రాళ్లకు: ఆ ఎర్త్ పిన్ను విరవకండి

దసరా వారం వచ్చేస్తోంది. ఒక రాత్రి రాజమండ్రి, మర్నాడు కాకినాడ, ఆ తర్వాత తణుకు, పాలకొల్లు, భీమవరం, చివరికి అమలాపురం. వ్యాను దిగడం, వాయించడం, మళ్లీ ఎక్కడం. మన ఆర్కెస్ట్రాల వాళ్లం నాలుగు డబ్బులు కళ్లజూసేది ఈ వారంలోనే. అందుకే స్టేజీ ఎలా ఉన్నా సరే, వాయించం అనే మాట ఎవరి నోటా రాదు.

చవితి పందిళ్లలో కరెంటు షాకు వార్త లేకుండా ఏ ఏడూ గడవడం లేదు. 2024 నవంబరులో మన ఉండ్రాజవరం మండలం తాడిపర్రులో ఫ్లెక్సీ కడుతూ కరెంటు తీగలు తగిలి నలుగురు కుర్రాళ్లు పోయారు. ఇలాంటివి చూసి పైనున్న తీగలంటే కమిటీల వాళ్లకి కాస్త భయం పట్టుకుంది. మంచిదే. స్టేజీ మీద మన కాళ్ల కింద పాకే వైర్లంటే మాత్రం ఎవరికీ భయం లేదు. వాయించేవాళ్లకి అసలే లేదు.

వేన్నీళ్లు తాగండి, ఐస్‌క్రీములు మానండి, పాటల వరస రాసుకోండి లాంటివి ఇక్కడ చెప్పను. అవి మీకు తెలిసినవే.

ఆ ఒక్క పిన్ను

సౌండ్ చెక్ మొదలవుతుంది. గిటారు ఆంప్ (ఆంప్లిఫయరు) ఆన్ చేయగానే బాక్సుల్లోంచి బుయ్యిమని హమ్ వస్తుంది. ఎదురుగా కమిటీ ప్రెసిడెంటు గారు కుర్చీలో కూర్చుని వాచీ చూసుకుంటూ ఉంటారు. అప్పుడొక తెలివైనవాడు వస్తాడు. ఆంప్ ప్లగ్గు పీకి, పైనున్న లావు పిన్నుని, అంటే ఎర్త్ పిన్నుని, కటింగ్ ప్లేయరుతో విరిచేస్తాడు. కొంచెం మర్యాదస్తుడైతే టూ పిన్ అడాప్టరు తగిలిస్తాడు. హమ్ టక్కున ఆగిపోతుంది. అందరూ వాడి భుజం తడతారు.

ఇన్నేళ్లుగా స్టేజీల మీద నేను చూసిన తప్పుల్లో మనుషుల్ని నాశనం చేసింది ఇదే. రాగం తప్పితే జనం నవ్వి ఊరుకుంటారు. ఈ తప్పుకి అలాంటి వెసులుబాటు లేదు.

ముందు ఆ హమ్ ఎందుకొస్తుందో చూడండి. ఎర్త్ అంటే దారి తప్పిన కరెంటుని భూమిలోకి పంపే వైరు. మైకులూ వాయిద్యాలూ కలిసే మిక్సర్‌కి ఒక చోట ఎర్త్, ఆంప్‌కి ఇంకో చోట ఎర్త్. రెంటినీ మన జాక్ వైరు కలుపుతుంది. ఆ చుట్టుదారిలో కొద్దిగా కరెంటు తిరుగుతుంది, అదే 50 హెర్ట్జ్ మోతగా వినిపిస్తుంది. పిన్ను విరిస్తే చుట్టు తెగుతుంది, మోత ఆగుతుంది. దాంతోపాటే మన ప్రాణానికున్న కాపలా కూడా పోతుంది.

గిటారు తీగలు జాక్ వైరు షీల్డుకి (లోపలి తీగ చుట్టూ ఉండే అల్లిక), షీల్డు ఆంప్ రేకు బాడీకి, బాడీ ఎర్త్‌కి కలిసి ఉంటాయి. లోపల ఫేజు వైరు (కరెంటు వచ్చే వైరు) వదులై బాడీకి తగిలిందనుకోండి. ఎర్త్ సరిగా ఉంటే కరెంటంతా అటు పోయి ఫ్యూజు ఎగిరిపోతుంది, కథ అక్కడితో సరి. ఎర్త్ లేకపోతే ఫ్యూజు ఎగరదు. ఆంప్ చక్కగా మోగుతూనే ఉంటుంది. గిటారు తీగల మీద మాత్రం 230 వోల్టులు ఉంటాయి. పొడి చెక్క మీద నిలబడి గిటారు ఒక్కటే పట్టుకున్నంతసేపూ తెలియకపోవచ్చు. చరణం అయ్యాక కోరస్ అందుకోవడానికి మైకు దగ్గరికి వస్తాడు. మైకు బాడీ మిక్సర్ ద్వారా ఎర్త్ అయి ఉంటుంది. చెయ్యి తీగల మీద, పెదవి మైకు జాలీ మీద. కరెంటుకి దారి దొరుకుతుంది, అది గుండె మీదుగా పోతుంది.

"ఎంసీబీ ఉందిగా అన్నా" అంటారు. మనిషి గుండె లయ చెడిపోవడానికి ఒక ఆంపియర్‌లో పదో వంతు చాలు. 16 ఆంపియర్ల ఎంసీబీ దాన్ని లెక్కే చేయదు. అది వైర్లు కాలిపోకుండా పెట్టింది, మనిషి కోసం కాదు. మనిషి కోసం పెట్టేది ఆర్‌సీసీబీ. మన ఎలక్ట్రీషియన్లు ఇప్పటికీ ఈఎల్‌సీబీ అనే అంటారు. 30 మిల్లీ ఆంపియర్లు పక్కదారి పడితే అది పడిపోయి కరెంటు ఆపేస్తుంది.

ఇవి కల్పించి చెబుతున్న భయాలు కావు. స్టోన్ ద క్రోస్ అనే బృందంలో గిటారు వాయించిన లెస్ హార్వే 1972 మే 3న బ్రిటన్‌లోని స్వాన్‌సీలో, జనం ముందే, ఎర్త్ సరిగా లేని మైకు ముట్టుకుని చనిపోయాడు. యార్డ్‌బర్డ్స్ అనే బృందం గాయకుడు కీత్ రెల్ఫ్ 1976లో తన ఇంట్లోనే ఎర్త్ లేని గిటారు వాయిస్తూ పోయాడు. మన వైపు ఇలాంటివి పేపర్లో "విద్యుదాఘాతం" అని రెండు లైన్లలో వస్తాయి, పిన్ను సంగతి ఎవరూ రాయరు. ఒక తీర్థంలో బేస్ గిటారు కుర్రాడు ఇలాగే మైకు దగ్గరికి వచ్చి వెనక్కి విరుచుకుపడ్డాడు. పక్కనున్న డ్రమ్మరు మెయిన్ కట్టేయబట్టి బతికాడు. ఎడమచేతి రెండు వేళ్లు ఇప్పటికీ పూర్తిగా వంగవు. బంగారం లాంటి చెయ్యి. ఇప్పుడు వాళ్ల నాన్నగారి కిరాణా కొట్లో కూర్చుంటున్నాడు.

ఇది గిటారు కుర్రాళ్ల గొడవ అనుకోకండి. మన పాలకొల్లులో పుట్టిన మాండలిన్ శ్రీనివాస్ గారు కర్ణాటక కచేరీని ఎలక్ట్రిక్ మాండలిన్ మీదే వినిపించారు. ఇవాళ వీణకీ వయొలిన్‌కీ కూడా పికప్పులు పెడుతున్నారు. వాయిద్యానికి జాక్ ఉందంటే ఈ మాట దానికీ వర్తిస్తుంది. పిన్ను విరవకండి.

హమ్ వస్తే ఏం చేయాలి

ఆంప్, కీబోర్డు, ప్యాడ్లు, మిక్సర్ అన్నింటికీ ఒకే బోర్డు నుంచి కరెంటు తీసుకోండి. సగం హమ్ అక్కడే పోతుంది. స్టేజీకి ఒక ఫేజు, కింద మిక్సర్ దగ్గర ఇంకో ఫేజు ఉంటే హమ్ సంగతి అటుంచి, రెండు ఫేజుల మధ్య 400 వోల్టులు ఉంటాయని గుర్తుపెట్టుకోండి.

మిగిలిన సగానికి డీఐ బాక్సు, అంటే వాయిద్యానికీ మిక్సర్‌కీ మధ్య పెట్టే చిన్న పెట్టె. దాని మీద గ్రౌండ్ లిఫ్ట్ అని చిన్న స్విచ్ ఉంటుంది. అది మిక్సర్‌కి వెళ్లే సిగ్నల్ వైరు షీల్డుని మాత్రమే తెంపుతుంది, కరెంటు వైపు ఎర్త్‌ని ముట్టుకోదు. అదే తేడా. ఏ ఆర్కెస్ట్రాకైనా రెండు డీఐ బాక్సులు ఉండి తీరాలి. కోట్లకి జరీ కుట్టించుకోవడానికి డబ్బులుంటున్నాయి కదా.

అయినా పోకపోతే హమ్‌తోనే వాయించండి. జనం అరుపుల్లో అది ఎవరికీ వినపడదు.

సౌండ్ చెక్ కంటే ముందు

సెట్టు పెట్టగానే మల్టీమీటరు ఏసీ వోల్టుల మీద పెట్టండి. ఒక కొన గిటారు తీగలకి, ఇంకో కొన మైకు జాలీకి. సున్నా దగ్గర చూపించాలి. పదులూ వందలూ చూపిస్తే ఎవరూ ఏదీ ముట్టుకోకుండా మెయిన్ కట్టేసి ఎలక్ట్రీషియన్ని పిలవండి. ప్రతి మైకుకీ ఇలాగే చూడాలి. ఐదు నిమిషాల పని. టెస్టరుతో చూశాం, వెలగలేదు అంటే కుదరదు. టెస్టరు ఫేజు ఉందో లేదో చెబుతుంది, ఎర్త్ ఉందో లేదో చెప్పదు.

పాత ఎలక్ట్రీషియన్లు ఫేజుకీ ఎర్త్‌కీ మధ్య వంద వాట్ల బల్బు పెట్టి చూస్తారు. న్యూట్రల్‌తో వెలిగినంతగా వెలిగితే ఎర్త్ ఉన్నట్టు. ఈఎల్‌సీబీ ఉంటే బల్బు పెట్టగానే పడిపోతుంది, అదీ మంచి గుర్తే. సామాను తగిలించక ముందే చేయించండి, వాళ్ల చేతే చేయించండి, మీరు చేయకండి.

జనరేటరు దగ్గర చాలామంది మోసపోతారు. సాయంత్రం ఊరి కరెంటు మీద అంతా బాగుంటుంది. ఎనిమిదింటికి కరెంటు పోతుంది, జనరేటరు ఎత్తుతారు. ఆ బండికి ఎర్త్ రాడ్డు కొట్టి ఉండదు. న్యూట్రల్‌ని ఎర్త్‌కి కలిపి ఉండరు. అంతకుముందు మీరు చూసిన లెక్కంతా అప్పుడు చెల్లదు, మళ్లీ మొదట్నుంచి చూడాలి. మన డెల్టా నేలకి ఒక సుగుణం ఉంది, రాడ్డు కాస్త లోతుగా దిగితే చాలు తడి తగులుతుంది. రాతి నేలల వాళ్లకి ఉన్న కష్టం మనకి లేదు. కాబట్టి రాడ్డు కొట్టకపోవడానికి బద్ధకం తప్ప కారణం లేదు. న్యూట్రల్ బిగింపు కూడా చూడమనండి. త్రీ ఫేజులో న్యూట్రల్ వదులైతే 230 రావలసిన చోట 400కి దగ్గరగా వస్తుంది, కీబోర్డులు పొగలు కక్కుతాయి.

చెప్పులు లేని స్టేజీ

అమ్మవారి మండపం ముందు స్టేజీ అంటే చెప్పులు విప్పాల్సిందే. ఇనుప పైపుల స్టేజీ, మీద పరిచిన తివాచీ, ఆ తివాచీ నిండా మధ్యాహ్నం కురిసిన వాన నీళ్లు. దాని మీద వట్టి కాళ్లతో నిలబడి మైకు పట్టుకుంటాం. 1965లో అమెరికాలోని శాక్రమెంటోలో రోలింగ్ స్టోన్స్ గిటారిస్టు కీత్ రిచర్డ్స్ గిటారు మైకుకి తగిలి స్పృహతప్పి పడిపోయాడు. రబ్బరు అడుగు బూట్లే కాపాడాయంటారు. మన కాళ్లకి ఆ బూట్లు ఉండవు.

అందుకే మైకు ముందు పొడి చెక్క పలక వేసి, దాని మీద మందపాటి రబ్బరు మ్యాట్ పరచండి. అమ్మవారేమీ అనుకోదు. సింగర్లకి కార్డ్‌లెస్ మైకు ఇప్పించండి, వైరు లేకపోతే ఆ దారే ఉండదు. మైకుకి స్పాంజి తొడుగు పెట్టుకోండి, అది పొడిగా ఉన్నంతసేపే పనికొస్తుంది. వీటిలో ఏదీ ఎర్త్‌కి బదులు కాదు. మ్యాట్ ఉంది కదా అని పిన్ను విరవకండి.

"కొంచెం చిమచిమ అంటోంది అన్నా, మామూలే" అనే మాట ఈ వారమంతా వింటారు. ల్యాప్‌టాప్ చార్జరు నుంచి వచ్చే చిమచిమా, ఫేజు కలిసిన ఆంప్ నుంచి వచ్చే చిమచిమా మొదట్లో వేలికి ఒకేలా ఉంటాయి. చెయ్యి పొడిగా ఉన్నప్పుడు చిమచిమలాడింది చెమట పట్టాక చంపుతుంది. మామూలే అన్నవాణ్ణి స్టేజీ దింపేయండి.

ఇక మిగిలినవి వరసగా చెప్పేస్తాను.

ప్లగ్గు మూడు పిన్నుల్లో ఎర్త్ పిన్ను పొడుగ్గా ఎందుకుందో మీ కుర్రాళ్లకి చెప్పండి: పెట్టేటప్పుడు అదే ముందు తగలాలి, తీసేటప్పుడు అదే చివర వదలాలి.

బయల్దేరే ముందు రోజు ప్లగ్గులన్నీ విప్పి చూడండి. పచ్చ వైరు ఊడి ఉంటే బిగించండి. పిన్ను విరిగిన ప్లగ్గు కనిపిస్తే కొత్తది మార్చండి, పాతది సంచిలో ఉంచకండి, ఎవడో ఒకడు మళ్లీ వాడతాడు.

అతుకుల వైర్లు వద్దు. టేపు చుట్టిన అతుకు తివాచీ కింద అసలే వద్దు.

జంక్షన్ బాక్సులు నేల మీద పెట్టకండి, ఇటుకల మీదో చెక్క మీదో పెట్టండి. మన దగ్గర నీళ్లు పైనుంచే రావు, కిందనుంచీ ఊరతాయి.

స్తంభానికి కొక్కెం వేసి తీసిన కరెంటు మీద వాయించకండి. కమిటీ వాళ్లకి మొహమాటపడకండి.

ట్రస్ (లైట్లు కట్టే ఇనుప చట్రం) నిలబెట్టేటప్పుడు కింద ఉండకండి. పైన 11 కేవీ లైను ఉంటే స్టేజీ జరపమనండి. జరపకపోతే సామాను దించకండి.

వాన చినుకు పడితే ఆపేయండి. "ఒక్క పాట బాబూ, ఎమ్మెల్యే గారు వస్తున్నారు" అంటారు. ఎవరొచ్చినా సరే, ఆపేయండి. తడిసిన సామాను ఆ రాత్రి మళ్లీ ఆన్ చేయకండి.

అమలాపురంలో విజయదశమి రాత్రి వాహనాల ఊరేగింపు, చెడీ తాలింఖానా (కత్తిసాము, కర్రసాము విన్యాసాలు) మొదలయ్యాక వ్యాను వీధిలోకి రాదు. మధ్యాహ్నమే దింపుకోండి. ఆలస్యమైన చోటే హడావిడి, హడావిడి ఉన్న చోటే కటింగ్ ప్లేయరు బయటికొస్తుంది.

రాత్రి పది దాటితే లౌడ్‌స్పీకరు చట్టరీత్యా కుదరదు. పండగలకి ప్రభుత్వం పన్నెండు దాకా సడలించవచ్చు, అదీ ఏడాదిలో 15 రోజులకి మించకుండా. పర్మిషన్ కాగితం ఫొటో మీ ఫోన్లో ఉంచుకోండి. కేసు పడితే ముందు పట్టుకెళ్లేది మీ మిక్సర్నే.

బాక్సుల ముందు నిలబడే రిథమ్ వాళ్లు చెవుల్లో ప్లగ్గులు పెట్టుకోండి. 100 డెసిబెల్స్ దగ్గర చెవి భరించేది పావుగంట.

మెయిన్ స్విచ్ ఎక్కడుందో బృందంలో అందరికీ తెలియాలి, కోరస్ పాడే ఆడపిల్లలతో సహా. దాని దగ్గర ఒక మనిషి ఉండాలి. టీకి వెళ్లే మనిషి కాకూడదు.

ఎవరికైనా షాకు కొడితే మనిషిని పట్టుకోకండి. మెయిన్ స్విచ్ ఆపేయండి. ఆపే వీలు లేకపోతే పొడి కర్రతో వైరు నెట్టండి. ఊపిరి లేకపోతే ఛాతీ మధ్యలో రెండు చేతులతో నిమిషానికి 100 నుంచి 120 సార్లు, రెండంగుళాల లోతు దిగేలా నొక్కుతూ ఉండండి. 108 వచ్చేదాకా ఆపకండి. లేచి కూర్చున్నా సరే ఆసుపత్రికి తీసుకెళ్లి ఈసీజీ తీయించండి. కరెంటు ఆఫీసుకి 1912.

అడ్వాన్సు సగం తీసుకున్నాకే బయల్దేరండి. ఈఎల్‌సీబీ, ఎర్త్ రాడ్డు ఉండాలని ఒప్పందంలోనే రాయండి. నోటిమాట చాలదు.

ప్రోగ్రాం అయ్యాక తెల్లారగట్ల కాలవ గట్టు రోడ్ల మీద వ్యాను తోలకండి. డ్రైవరు మీతోపాటు రాత్రంతా మేలుకునే ఉన్నాడు. పందిరిలోనే పడుకుని వెలుగొచ్చాక బయల్దేరండి.