పత్తికి మందు కొట్టేటప్పుడు చెరువుగట్టు తాబేలు గుడ్లను కాపాడుకోవడం ఎలా?

నల్లగొండ, నాగర్‌కర్నూల్ వైపు చాలా పత్తి చేన్లు కుంట కిందనో చెరువు శిఖం పక్కనో ఉంటాయి. మందు నీళ్లలో కలిసి చేపలు తేలితే ఊరంతా గొడవైతది. అదే మందు గట్టు మట్టిలో ఉన్న గుడ్డులోకి ఇంకితే మాత్రం ఎవరికీ కనబడదు. పిల్ల బతికే ఉంటుంది, పెద్దదయ్యాక సంతానానికి పనికిరాకపోవచ్చు, అందుకే దీని గురించి ఇంత చెబుతున్నా.

కొన్ని రసాయనాలు ఒంట్లో చేరితే ఆడ హార్మోన్‌లా పనిచేస్తాయి, కొన్ని మగ హార్మోన్‌కు అడ్డుపడతాయి. అమెరికాలో ఫ్లోరిడాలోని అపాప్కా సరస్సులోకి 1980లో డైకోఫాల్, డీడీటీ అనే పురుగుమందులు కలిశాక అక్కడి మొసళ్లలో చాలా గుడ్లు పొదగలేదు. మగ మొసలి పిల్లల్లో టెస్టోస్టెరాన్ అనే మగ హార్మోన్ తగ్గి జననాంగాలు చిన్నగా ఉన్నాయని, ఆడ మొసలి పిల్లల అండాశయాలు తేడాగా ఉన్నాయని శాస్త్రవేత్త లూయీ గిల్లెట్ బృందం గుర్తించింది. తల్లి కొవ్వులో పేరుకున్న విషమే పచ్చసొనలోకి దిగుతుంది, పైగా గుడ్డు పెంకులోంచి కూడా రసాయనం లోపలికి పోతుంది.

డబ్బా మీద త్రికోణం ఆకుపచ్చగా ఉంది కదా, ఏం కాదులే అనుకోకండి. ఆ రంగు ఒక్కసారి ఒంట్లోకి పోతే ఎంత ప్రమాదమో చెబుతుంది అంతే, హార్మోన్ల సంగతి దాంట్లో ఉండదు.

అసలు మందు అవసరమా అన్నది ముందు చూడండి. గులాబీ రంగు పురుగుకు ఎకరానికి నాలుగు లింగాకర్షక బుట్టలు (ఆడ పురుగు వాసనతో మగ పురుగులను రప్పించి పట్టేవి) పెట్టి, బుట్టకు రోజుకు 8 రెక్కల పురుగుల చొప్పున వరుసగా 3 రోజులు పడితేనే కొట్టండి. కొట్టాల్సి వస్తే గాలి చెరువు వైపు వీస్తున్నప్పుడు, మబ్బు పట్టి వాన వచ్చేలా ఉన్నప్పుడు వద్దు. గట్టు పక్క నాలుగైదు సాళ్లు వదిలేయండి, అక్కడి గడ్డిని గీకకండి, గడ్డిమందు అసలే కొట్టకండి. వాన నీళ్లతో కొట్టుకొచ్చే మట్టిని, దాంతో వచ్చే మందును చాలావరకు ఆపేది ఆ గడ్డే.

పంపు చెరువులో, తూము దగ్గర కడగొద్దు. ఖాళీ డబ్బాను మూడుసార్లు నీళ్లు పోసి గిలకరించి ఆ నీళ్లు పంపులోనే పోసుకుని చేనుకే కొట్టండి, తర్వాత డబ్బాకు బొక్క పొడవండి. మళ్లీ ఎవరూ నీళ్లకు వాడరు. కాల్చొద్దు, ఆ పొగలోనూ విషం ఉంటది.

గట్టు తవ్వుతుంటే తెల్లటి గుడ్లు బయటపడితే చేత్తో తిప్పకండి. పిల్ల పెంకుకు అంటుకుని పెరుగుతుంది, తలకిందులైతే చచ్చిపోవచ్చు. ఏ వైపు ఎలా ఉన్నవి అలాగే ఉంచి అదే మట్టి మెల్లగా కప్పేసి, ఫారెస్ట్ వాళ్లకు ఫోన్ చేయండి.

కృష్ణ ఒడ్డున మొసలి గూడైతే దగ్గరికే పోవద్దు, తల్లి అక్కడే కాపలా ఉంటది. మన మగర్ మొసలిలో ఆడా మగా అనేది గూటి వేడిని బట్టి తేలుతుంది, 28 నుంచి 31 డిగ్రీల దాకా ఆడపిల్లలే, 32.5 దగ్గర మగవి ఎక్కువ. కాబట్టి ఆ ఒడ్డున గూడు మీద నీడనిచ్చే చెట్లు కూడా కొట్టొద్దు.