పెళ్లి క్యాసెట్ డిస్క్‌కి ఎక్కడం లేదా? డీవీడీ రికార్డర్ పెట్టే పేచీలు, వాటి మందులు

మా ఇంట్లో డీవీడీ రికార్డర్ ఇంకా పనిచేస్తోంది. ఆ సంగతి చుట్టాలందరికీ తెలిసిపోయింది. “నీ దగ్గర ఆ మిషన్ ఉందిగా” అంటూ సంచుల్లో వీహెచ్ఎస్ క్యాసెట్లు పట్టుకొస్తారు. నేర్చుకున్నదంతా వాళ్ల క్యాసెట్ల మీదే నేర్చుకున్నాను.

రికార్డర్ చేసే పని ఇంతే. క్యాసెట్ ఆడించే వీసీఆర్ నుంచి పసుపు, తెలుపు, ఎరుపు పిన్నుల వైరులో వచ్చే అనలాగ్ సిగ్నల్‌ని అంకెల్లోకి మార్చుకుంటుంది. దాన్ని ఎంపెగ్-2 పద్ధతిలో కుదించి, ఎర్ర లేజర్ వేడితో డిస్క్‌లోని రంగు పొర మీద గుర్తులు పెడుతుంది. పేచీ వచ్చినప్పుడు ముందు వీసీఆర్‌ని నేరుగా టీవీకి తగిలించి చూడండి. అక్కడా బొమ్మ పాడుగానే ఉంటే రికార్డర్‌ని తిట్టి లాభం లేదు.

మన రికార్డర్‌లో ఆడుతుంది, వేరే ప్లేయర్‌లో “నో డిస్క్” అంటుంది

నా దగ్గరికి వచ్చే ఫోన్లలో ఎక్కువ దీని గురించే. మా పిన్ని కూతురు డల్లాస్ వెళ్తూ వాళ్ల అమ్మానాన్నల పెళ్లి డిస్క్ తీసుకెళ్లింది. అక్కడికెళ్లాక ఒక రాత్రి ఫోన్: “అన్నయ్యా, ఖాళీ డిస్క్ ఇచ్చావేంటి?”

ఖాళీది కాదు, ఫైనలైజ్ చేయనిది. ప్లేయర్ డిస్క్‌ని తీసుకోగానే ముందు లోపలి అంచు దగ్గర విషయసూచిక లాంటిది వెతుకుతుంది. ఫైనలైజ్ కొట్టేదాకా రికార్డర్ దాన్ని పూర్తిగా రాయదు. తను పెట్టుకున్న గుర్తులు తనకు తెలుసు కాబట్టి తను మాత్రం ఆడిస్తుంది.

రికార్డింగ్ అయ్యాక డిస్క్ మెనూలోకి వెళ్లి ఫైనలైజ్ నొక్కండి. కొన్ని నిమిషాలు పడుతుంది, ఈలోపు స్విచ్ ముట్టుకోవద్దు. ఒక్కసారే రాయగలిగే డీవీడీ-ఆర్, డీవీడీ+ఆర్ రెండిటికీ ఇది తప్పదు, ఆ తర్వాత వాటిలో కొత్తగా ఏమీ ఎక్కదు. చెరిపి మళ్లీ రాయగలిగే డీవీడీ-ఆర్‌డబ్ల్యూ అయితే చాలా రికార్డర్లలో ఫైనలైజ్‌ని రద్దు చేసుకోవచ్చు. కానీ దాన్ని వీఆర్ మోడ్‌లో (రికార్డర్‌లోనే ముక్కలు కోసుకుని సర్దుకునే పద్ధతి) ఫార్మాట్ చేసి ఉంటే, ఫైనలైజ్ చేసినా పాత ప్లేయర్లు చదవవు. మొదట్లోనే వీడియో మోడ్ ఎంచుకోండి. తర్వాత మార్చాలంటే ఉన్నదంతా చెరిగిపోతుంది.

రికార్డర్ చెడిపోయి, ఫైనలైజ్ చేయని డిస్క్ చేతిలో మిగిలితే కంగారు పడకండి. కంప్యూటర్‌లో ఐసోబస్టర్ లాంటి సాఫ్ట్‌వేర్‌తో లోపలి వీడియోని బయటికి తీయవచ్చు. డల్లాస్ డిస్క్‌ని అలాగే తీశాం.

అమెరికా పంపిన డిస్క్ అక్కడ ఆడదు, అక్కడి క్యాసెట్ ఇక్కడ నలుపు తెలుపులో వస్తుంది

రీజియన్ కోడ్ (ఒక ప్రాంతపు సినిమా డిస్క్ ఇంకో ప్రాంతంలో ఆడకుండా వేసే తాళం) వల్ల అనుకుంటారు. ఇంట్లో రాసిన డిస్క్‌కి రీజియన్ అడ్డు ఉండదు. అసలు తేడా టీవీ సిగ్నల్ పద్ధతిలో ఉంది: మనది పాల్ (PAL), వాళ్లది ఎన్‌టీఎస్‌సీ (NTSC). పాల్‌లో 625 గీతలు, సెకనుకు 25 ఫ్రేములు. ఎన్‌టీఎస్‌సీలో 525 గీతలు, దాదాపు 30 ఫ్రేములు. అక్కడి ప్లేయర్లు చాలావరకు పాల్ డిస్క్‌ని తిప్పికొడతాయి. కంప్యూటర్‌కి ఈ పట్టింపు లేదు, వీడియో ప్లేయర్ సాఫ్ట్‌వేర్ ఏదైనా ఆడించేస్తుంది.

అటునుంచి వచ్చిన క్యాసెట్లతో ఇంకో చిక్కు. మన వీసీఆర్లలో చాలావాటి మీద “ఎన్‌టీఎస్‌సీ ప్లేబ్యాక్” అని రాసి ఉంటుంది. అది అసలైన ఎన్‌టీఎస్‌సీ ఇవ్వదు, మన టీవీ సర్దుకునేలా రంగుల సిగ్నల్ మార్చి పంపుతుంది. టీవీ సర్దుకుంటుంది, రికార్డర్ సర్దుకోదు, అందుకే బొమ్మ నలుపు తెలుపులో పడుతుంది. ఎన్‌టీఎస్‌సీని ఉన్నదున్నట్టు బయటికిచ్చే మల్టీసిస్టమ్ వీసీఆర్ సంపాదించి, రికార్డర్ సెటప్‌లో టీవీ సిస్టమ్ మార్చి, కొత్త డిస్క్ పెట్టండి. ఒకే డిస్క్‌లో రెండు పద్ధతులూ కలవవు.

తలంబ్రాల దగ్గర బొమ్మ గళ్లుగళ్లుగా విడిపోతోంది

మంగళసూత్రం కట్టేటప్పుడు బాగానే ఉంటుంది. తలంబ్రాలు మొదలవగానే పెళ్లికొడుకు మొహం నిండా చిన్న చిన్న చదరాలు. క్యాసెట్ ఆడించి చూస్తే అందులో లేవు.

ఎంపెగ్-2 ప్రతి ఫ్రేమునీ మొత్తం రాయదు. ముందు ఫ్రేముకీ దీనికీ ఏం మారిందో చూసి ఎక్కువగా అదే రాస్తుంది. పంతులుగారు కదలకుండా కూర్చుని మంత్రం చదువుతుంటే దానికి పని తక్కువ. తలంబ్రాల్లో ప్రతి గింజా ఒక్కో దారిలో ఎగురుతుంది, పైన జరీ మెరుపులు, ఫ్లాష్ వెలుగులు. రాయాల్సింది ఒక్కసారిగా పెరిగిపోయి, ఇచ్చిన జాగా చాలక గళ్లు పడతాయి.

మీరు ఎంచుకున్న రికార్డింగ్ మోడ్ వల్లే ఇదంతా. డిస్క్‌లో ఎక్కువ గంటలు పట్టించే మోడ్ అయితే ఒక్కో సెకనుకి దక్కే జాగా తగ్గుతుంది. 4.7 జీబీ డిస్క్ మీద ఎక్స్‌పీ మోడ్‌లో 1 గంట, ఎస్‌పీలో 2, ఎల్‌పీలో 4, ఈపీలో 6 గంటలు పడతాయి. పెళ్లి క్యాసెట్ తరచూ 3 గంటల ఈ-180. ఒక్క డిస్క్‌లో సరిపెట్టాలని అందరూ ఎల్‌పీ కొడతారు. నా మాట విని రెండు డిస్కులు వాడండి, ఎస్‌పీలో. ముహూర్తం దాకా ఒకటి, భోజనాలూ అప్పగింతలూ ఇంకొకటి. వీహెచ్ఎస్‌లో ఉన్న నాణ్యతకి ఎస్‌పీ చాలు, ఎక్స్‌పీ దండగ.

“కాపీ చేయడం కుదరదు” అని ఆగిపోతోంది

కొన్న సినిమా క్యాసెట్ అయితే రికార్డర్ తన డ్యూటీ తను చేస్తోంది. అందులో కాపీని అడ్డుకునే సిగ్నల్ ఉంటుంది. ఇంట్లో తీసిన క్యాసెట్‌కీ అదే మెసేజ్ వస్తే మాత్రం, అరిగిన టేపు సిగ్నల్‌ని చూసి రికార్డర్ పొరబడిందని అర్థం. వీసీఆర్‌లో ట్రాకింగ్ (హెడ్ టేపు మీది గీతల్ని సరిగ్గా పట్టుకునేలా సర్దే బటన్) సరిచేయండి, టేపు చదివే హెడ్ శుభ్రం చేయించండి, వేరే వీసీఆర్‌లో పెట్టి చూడండి.

బొమ్మ ఎగురుతోంది, మధ్యలో నీలం తెర పడుతోంది

వీసీఆర్‌లో పెట్టకముందే క్యాసెట్‌ని వెలుతురులో పట్టుకుని, దాని మీదున్న చిన్న కిటికీలోంచి టేపు చుట్టని చూడండి. అంచుల మీద తెల్లటి పొడిలా ఉంటే అది బూజు. కాకినాడ, విశాఖల్లోని తేమకి బీరువాలో ఉన్నవాటికి కూడా పడుతుంది. అలాంటి క్యాసెట్‌ని ఆడిస్తే బూజు హెడ్‌కి అంటుకుని, అక్కడినుంచి తర్వాతి క్యాసెట్‌కీ చేరుతుంది. దాన్ని పక్కన పెట్టి, శుభ్రం చేసేవాళ్లకి ఇవ్వండి.

బూజు లేకపోతే ఆడించే ముందు ఒకసారి చివరిదాకా ముందుకీ వెనక్కీ తిప్పండి. ఏళ్లతరబడి కదలని టేపు బిగువు సమం అవుతుంది. హెడ్ మీరే తుడవాలనుకుంటే ఇయర్‌బడ్ వాడొద్దు, దూది పోగు చిక్కుకుని హెడ్ కొన విరుగుతుంది. ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో తడిపిన మెత్తటి తోలు ముక్కని కదలకుండా ఆనించి, హెడ్ బిగించి ఉన్న డ్రమ్‌ని చేత్తో అడ్డంగా తిప్పండి. పైకీ కిందకీ మాత్రం రుద్దకండి.

ఖాళీ డిస్క్‌ని తీసుకోవడం లేదు

పాత రికార్డర్లకి ఎక్కువ స్పీడ్ ఆర్‌డబ్ల్యూ డిస్కులు పడవు, తక్కువ స్పీడ్‌వి వెతకండి. సినిమా డిస్కులు బాగానే ఆడుతూ, ఏ కంపెనీ ఖాళీ డిస్క్ పెట్టినా తోసేస్తుంటే లెన్స్ మీద దుమ్ము ఉండాలి, లేదా లేజర్ బలం తగ్గి ఉండాలి. చదవడానికి కొద్ది వెలుగు చాలు, రాయడానికి చాలా ఎక్కువ కావాలి.

రికార్డింగ్ మధ్యలో కరెంటు పోయింది

డిస్క్ బయటికి తీయకండి. కరెంటు వచ్చాక రికార్డర్ ఆన్ చేసి వదిలేయండి, చాలా మోడళ్లు అసంపూర్తి రికార్డింగ్‌ని వాటంతటవే సరిచేసుకోవడానికి ప్రయత్నిస్తాయి. కుదరకపోతే మళ్లీ ఐసోబస్టరే దిక్కు. వేసవిలో ఈ పని పెట్టుకుంటే వీసీఆర్, రికార్డర్ రెండూ ఇన్వర్టర్ లైను మీద ఉన్నాయో లేదో చూసుకోండి. నేను ఒకసారి రికార్డర్‌ని మాత్రమే పెట్టాను. కరెంటు పోయాక, ఎవరూ చూడకుండా, నలభై నిమిషాలు నీలం తెర రికార్డయింది.