ఇంటి వాడకానికి తక్కువ ధరలో ల్యాప్‌టాప్ ఎంచుకోవడం ఎలా?

శ్రీకాకుళంలోనైనా విజయనగరంలోనైనా షాపులో అడుగుపెట్టగానే వినిపించే మాట ఒకటే: "ఐ3 చూపించమంటారా, ఐ5 చూపించమంటారా?" ఐ3, ఐ5 అంటే ఇంటెల్ కంపెనీ ప్రాసెసర్లలో (ల్యాప్‌టాప్‌కు మెదడు లాంటి చిప్పుల్లో) మెట్లు, ఐ5ది పై మెట్టు. ఆ ప్రశ్నతో బేరం మొదలైతే సగం ఓడిపోయినట్టే. పిల్లల చదువు, ఉద్యోగాల దరఖాస్తులు, కరెంటు బిల్లులు, సినిమాలు, నాలుగు ఎక్సెల్ షీట్లు... ఈ పనులకు ఐ5 అక్కర్లేదు. చూడాల్సింది వేరే ఉంది. కొన్నాక మార్చుకోలేనివి ఏవి, మార్చుకోగలిగేవి ఏవి? మొదటి వాటి దగ్గర రాజీపడకండి. రెండో వాటి దగ్గర డబ్బు మిగుల్చుకోండి.

1. ప్రాసెసర్ పూర్తి నంబరు అడగండి

ప్రాసెసర్‌ను తర్వాత మార్చలేం. స్టిక్కరు మీద పేరు చూసి ఊరుకోవద్దు, నంబరు మొత్తం రాసుకోండి. ఇంటెల్ ఐ3-1215యు అంటే 12వ తరం, 6 కోర్లు (పని పంచుకునే భాగాలు). ఇంటి పనికి ధారాళంగా సరిపోతుంది. ఇంటెల్‌దే అయిన ఎన్100లో 4 చిన్న కోర్లే ఉంటాయి, బ్రౌజింగ్‌కీ టైపింగ్‌కీ చాలు. సెలెరాన్ ఎన్4020 లాంటి రెండు కోర్లవి మాత్రం ఎంత చవగ్గా ఇచ్చినా వద్దు. వీడియో క్లాసు నడుస్తుండగా పీడీఎఫ్ తెరిస్తే చాలు, చతికిలబడతాయి.

ఇంటెల్‌కు పోటీ కంపెనీ ఏఎండీ 7000 వరుసలో ఒక తిరకాసు ఉంది. మొదటి అంకె 7 చూసి కొత్తదనుకుంటాం. లోపలి డిజైన్ ఏ కాలానిదో చెప్పేది మూడో అంకె. రైజెన్ 3 7320యులో ఆ అంకె 2, అంటే 2019 నాటి జెన్ 2 డిజైన్. అలాగని పనికిరానిది కాదు, ఇంటి పనికి బాగానే నడుస్తుంది. కొత్త సరుకు ధర మాత్రం దానికి పెట్టొద్దు.

2. ర్యామ్ ఎంతో కాదు, ఎలా ఉందో చూడండి

ర్యామ్ అంటే పని జరిగేటప్పుడు మెషీన్ వాడుకునే తాత్కాలిక మెమరీ. 4 జీబీ ర్యామ్‌లో చాలా భాగాన్ని విండోస్ 11 తానే తినేస్తుంది. అందుకే 8 జీబీకి తగ్గొద్దు. 2025 చివరి నుంచి మెమరీ చిప్పుల ధరలు బాగా పెరగడంతో మొదటే 16 జీబీ పెట్టుకోవడం అందరికీ కుదరదు. అలాంటప్పుడు 8 జీబీతో తీసుకుని ఖాళీ స్లాటు ఉండేలా చూసుకోండి. రెండేళ్ల తర్వాత ఇంకో 8 జీబీ స్టిక్ పెట్టిస్తే మెషీన్‌కు కొత్త ఊపిరి వస్తుంది.

స్లాటు ఉందో లేదో షాపులోనే తేల్చుకోవచ్చు. డెమో పీసు మీద కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ మూడూ కలిపి నొక్కండి. టాస్క్ మేనేజర్ తెరుచుకుంటుంది. పెర్ఫార్మెన్స్‌లో మెమరీ మీద నొక్కితే కింద "స్లాట్స్ యూజ్డ్" అన్న వరుస కనిపిస్తుంది. అక్కడ 1 ఆఫ్ 2 అని ఉంటే సాధారణంగా ఇంకో స్టిక్‌కు చోటున్నట్టు. దాని దగ్గరే "ఫారమ్ ఫ్యాక్టర్" (ర్యామ్ ఏ రూపంలో ఉందో చెప్పే వరుస) ఉంటుంది. "రో ఆఫ్ చిప్స్" అని రాసి ఉంటే ఆ ర్యామ్‌ను బోర్డుకే అతికించేశారని అర్థం. వేరే స్లాటు కూడా లేకపోతే 8 జీబీ కొన్నది ఎప్పటికీ 8 జీబీయే. పైన చెప్పిన 7320యు మెషీన్లన్నీ ఈ అతుకుడు రకమే. సేల్స్ కుర్రాడు "తర్వాత వేయించుకోవచ్చండీ" అంటే చూపించమనండి.

3. స్టోరేజీ

ఫైళ్లు దాచుకోవడానికి వేగమైన రకం, ఎన్‌వీఎంఈ ఎస్ఎస్‌డీ ఉండాలి. 512 జీబీ మంచిది, కానీ 256తో సర్దుకోవచ్చు, ఎందుకంటే చాలా మోడళ్లలో తర్వాత మార్పించుకోవచ్చు. 64 లేదా 128 జీబీ ఈఎంఎంసీ (చవక రకం స్టోరేజీ చిప్పు) ఉన్నవాటి జోలికి పోవద్దు. అది నిదానం, పైగా బోర్డుకు అతికించి ఉంటుంది. 512 అని కొంటే విండోస్ 476 చూపిస్తుంది. అది మోసం కాదు, లెక్కించే పద్ధతిలో తేడా.

4. తెర

మార్చాలంటే బాగా ఖర్చయ్యేది ఇదే. 1920×1080 చుక్కల ఐపీఎస్ (పక్క నుంచి చూసినా రంగులు వెలవని రకం) అడగండి. పరీక్ష సులువు: తెల్లటి పేజీ తెరిచి తెరను నెమ్మదిగా వెనక్కి వాల్చండి. రంగులు వెలిసిపోతే, నలుపు బూడిదగా మారితే అది చవక రకమైన టీఎన్ ప్యానెల్. ఇద్దరు పిల్లలు పక్కపక్కన కూర్చుని చూసే ఇంట్లో అలాంటి తెర మీద రోజూ గొడవే. వెలుగు 250 నిట్స్ ఉంటే గదిలో చాలు, అరుగు మీద పగటిపూట మాత్రం కష్టం.

5. సర్వీసు ఎక్కడ?

వారంటీ కాగితం మీద "ఆన్‌సైట్" అని ఉందా, "క్యారీ-ఇన్" అని ఉందా చూడండి. ఆన్‌సైట్ అయితే మెకానిక్ ఇంటికే వస్తాడు. క్యారీ-ఇన్ అయితే మెషీన్‌ను మీరే మోసుకెళ్లాలి, చాలాసార్లు విశాఖపట్నం దాకా. సోంపేట, ఇచ్ఛాపురం వాళ్లకు ఒక రోజు పోయినట్టే, అదీ రెండుసార్లు: ఇవ్వడానికి ఒకసారి, తెచ్చుకోవడానికి ఒకసారి. 532001, 535001 అంటూ టౌను పిన్‌కోడ్ కొట్టి చూసి సంబరపడొద్దు. కంపెనీ సైటులో మీ ఊరి పిన్‌కోడ్‌తోనే వెతకండి. రెండు మోడళ్లు సమానంగా తేలితే వెయ్యి రూపాయలు ఎక్కువైనా ఆన్‌సైట్ ఉన్నదే తీసుకోండి.

6. కరెంటు, తుపాన్లు

2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటాక శ్రీకాకుళం జిల్లా ఉద్దానం ఊళ్లలో రోజుల తరబడి కరెంటు లేదు. టైప్-సి ద్వారా ఛార్జింగ్ ఎక్కే మోడలైతే అలాంటప్పుడు 65 వాట్ల పవర్‌బ్యాంకుతోనో కారు ఛార్జరుతోనో గట్టెక్కవచ్చు. టైప్-సి రంధ్రం ఉన్నంత మాత్రాన ఛార్జింగ్ ఎక్కదు. స్పెసిఫికేషన్లలో "పవర్ డెలివరీ" అని ఉండాలి. బ్యాటరీ ఎన్ని గంటలు వస్తుందన్న ప్రకటన కన్నా వాట్-అవర్ల అంకె (బ్యాటరీలో ఎంత కరెంటు పడుతుందో చెప్పే కొలత) నమ్మకమైనది. 42 వాట్-అవర్ల బ్యాటరీ నుంచి మామూలు పనికి 8 వాట్లు లాగితే 5 గంటల పైచిలుకు వస్తుంది.

లో-వోల్టేజీకి భయపడి స్టెబిలైజరు కొనక్కర్లేదు. అడాప్టర్లు 100 నుంచి 240 వోల్టుల వరకు తట్టుకుంటాయి. ఉరుములు మొదలైతే మాత్రం ప్లగ్గు పీకేయండి. లోహపు మూత మీద చెయ్యి పెడితే జివ్వుమంటోందా? చాలామటుకు తప్పు ల్యాప్‌టాప్‌ది కాదు, ఇంటి సాకెట్టుకు ఎర్తింగ్ లేదన్నమాట. మూడు పిన్నుల ప్లగ్గుకు రెండు పిన్నుల కన్వర్టర్ తగిలించినా ఇదే జరుగుతుంది.

7. డబ్బు కట్టే ముందు, పెట్టె తెరిచాక

విండోస్ లేకుండా డాస్‌తో వచ్చే మెషీన్ మూడు నాలుగు వేలు తక్కువకు వస్తుంది. అందులో షాపువాళ్లు "ఎక్కించి ఇచ్చే" విండోస్ చాలాసార్లు దొంగ కాపీయే. అసలు విండోస్ 11తో వచ్చిందే కొనండి. ఆ విండోస్ ఎస్ మోడ్‌లో ఉంటే మైక్రోసాఫ్ట్ స్టోరు బయటి సాఫ్ట్‌వేర్లు ఎక్కవు. సెట్టింగ్స్‌లో ఉచితంగా దాన్నుంచి బయటికి రావచ్చు, మళ్లీ వెనక్కి వెళ్లలేరు. ఆఫీస్ ఉందంటే అది శాశ్వతమా, ఏడాది చందానా అని అడగండి.

మొదటిసారి ఆన్ చేసినప్పుడు మీ మెయిల్ ఐడీయే ఇవ్వండి. షాపువాళ్ల ఐడీతో మొదలుపెడితే ఆఫీస్ లైసెన్సు వాళ్ల ఖాతాకు అతుక్కుంటుంది. జీఎస్టీ బిల్లు మీద సీరియల్ నంబరు ఉండాలి, అదే నంబరు పెట్టె మీదా మెషీన్ అడుగునా ఉండాలి. ఆ రాత్రే కంపెనీ సైటులో ఆ నంబరు కొట్టి వారంటీ తేదీ చూడండి. మీరు కొన్న తేదీ కన్నా ముందు మొదలైనట్టు కనిపిస్తే బిల్లు పంపి సరిచేయించుకోండి.

సెకండ్ హ్యాండ్ కొనేవాళ్లకు ఒక్క గీత: ఇంటెల్ అయితే 8వ తరానికి ముందువి వద్దు. విండోస్ 10కు ఉచిత సపోర్టు 2025 అక్టోబరు 14తో ఆగింది, ఆ పాతవాటికి విండోస్ 11 అధికారికంగా రాదు.