ఇంటర్ తర్వాత ఆంట్రప్రెన్యూర్‌షిప్ డిగ్రీ: చేరే ముందు, చేరాక

ఆంట్రప్రెన్యూర్‌షిప్‌లో, అంటే సొంత వ్యాపారం పెట్టి నడపడంలో, బీబీఏ చేద్దామనుకుంటే ముందు బ్రోషర్ పక్కన పెట్టి సిలబస్ అడిగి తీసుకోండి. అకౌంటింగ్, కాస్టింగ్, మార్కెటింగ్, బిజినెస్ లా గట్టిగా ఉండాలి, వాటితో పాటు విద్యార్థి నిజంగా ఏదైనా అమ్మి చూసే ప్రాజెక్టుకి మార్కులుండాలి. అది లేకపోతే మామూలు బీకామ్‌లో చేరి మిగతాది బయట నేర్చుకోవడమే నయం.

చేరాక మొదటి ఏడాదిలోనే చిన్నదేదైనా మొదలుపెట్టండి. ఇంట్లో పట్టే ఆవకాయే తీసుకోండి: కాయలు, నూనె, కారం, ఆవపిండి ఖర్చు అందరూ రాస్తారు, కానీ సీసా, లేబుల్, కొరియర్, దారిలో పగిలినవి, అమ్మ పడ్డ కష్టానికి కూలి కూడా వేసి చూస్తేనే అసలు లాభం తేలుతుంది. కాస్టింగ్ అంటే ఇదే, బట్టీ పడితే రాదు. తినేవి అమ్మాలంటే ఎఫ్ఎస్ఎస్ఏఐ (ఆహార భద్రత చూసే కేంద్ర సంస్థ) రిజిస్ట్రేషన్ ఉండాలి. చిన్న వ్యాపారాలను నమోదు చేసే ఉద్యమ్ రిజిస్ట్రేషన్ మాత్రం ప్రభుత్వ పోర్టల్‌లో ఉచితం, దానికి ఏజెంట్లకు డబ్బులివ్వకండి.

హైదరాబాద్‌లో ఉంటే స్టార్టప్‌లకు తోడ్పడేందుకు 2015లో మొదలైన టీ-హబ్‌లో, అమ్మాయిలైతే మహిళా వ్యాపారుల కోసం 2018లో వచ్చిన వీ-హబ్‌లో జరిగే కార్యక్రమాలకు వెళ్లండి. మీ ఐడియా చెప్పడానికి తొందరపడొద్దు, మొదటి కస్టమర్ ఎలా దొరికాడో, కొన్నవాళ్లు ఎందుకు మానేశారో అక్కడి ఫౌండర్లను అడగండి.

ఇంట్లో టెన్షన్ పడుతుంటే, ఈ డిగ్రీతో ఐసెట్ రాసి ఎంబీఏ కూడా చేయొచ్చని చెప్పండి.