గంజాయి కేసులో పిల్లవాడు దొరికితే: తిరుపతి, చిత్తూరు తల్లిదండ్రులు ముందుగా చూసుకోవాల్సినవి

స్టేషన్ నుంచి ఫోను రాగానే చాలా ఇళ్లలో పెద్దవాళ్లు తెలిసిన నాయకుడి గుమ్మం తొక్కుతారు. ఆ తిరుగుడులో పోయే నాలుగైదు గంటల్లోనే అక్కడ కేసు కాగితాల మీదికి ఎక్కుతుంది. అందుకే ముందు లాయరును పంపండి, తర్వాత మిగతావాళ్లకు చెప్పుకోండి. లాయరుకు డబ్బులేదని ఆగొద్దు. కస్టడీలో ఉన్న ఎవరికైనా 1987 నాటి లీగల్ సర్వీసెస్ చట్టం ప్రకారం ఉచిత లాయరును అడిగే హక్కుంది. 15100కు ఫోను చేయొచ్చు, లేదా కోర్టు ఆవరణలోని న్యాయసేవల కార్యాలయానికి వెళ్లొచ్చు.

లాయరు వెళ్లగానే కనుక్కోవాల్సిన మొదటి సంగతి: ఎంత తూకం రాశారు? 1985 నాటి ఎన్‌డీపీఎస్ చట్టంలో, అంటే మాదకద్రవ్యాల చట్టంలో, శిక్ష అంతా తూకం మీదే నడుస్తుంది. గంజాయి కిలో లోపైతే చిన్న పరిమాణం: ఏడాది వరకు జైలు, లేదా పది వేల వరకు జరిమానా, లేదా రెండూ. కిలో నుంచి 20 కిలోల దాకా అయితే పదేళ్ల వరకు జైలు, లక్ష వరకు జరిమానా. 20 కిలోలు దాటితే వాణిజ్య పరిమాణం: పదేళ్లకు తగ్గదు, ఇరవై దాకా పోవచ్చు. మిగతా సరుకుల లెక్క వేరు. చరస్‌కు చిన్న పరిమాణం 100 గ్రాముల లోపు, హెరాయిన్‌కు 5 గ్రాముల లోపు, కొకైన్‌కు 2 గ్రాముల లోపు, ఎండీఎంఏకు అర గ్రాము లోపే. "కాస్తే కదా" అని తేలిగ్గా తీసుకునే తల్లిదండ్రులు దెబ్బతినేది ఇక్కడే. గంజాయిలో 10 గ్రాములంటే ఒక పొట్లం, ఎండీఎంఏలో 10 గ్రాములు దాటితే వాణిజ్య పరిమాణం.

తూకం ఎలా వేశారో కూడా చూడాలి. చట్టం దృష్టిలో గంజాయి అంటే మొక్క కొసల్లో ఉండే పూత, కాయ. ఆ కొసలు లేకుండా విడిగా ఉన్న ఆకు, గింజ గంజాయి కిందికి రావు. సంచిలో లావు కాడలు, వేర్లు, మట్టి అన్నీ కలిపి 1,150 గ్రాములని రాస్తే కేసు చిన్న పరిమాణం నుంచి ఒక మెట్టు పైకి ఎక్కుతుంది. పచ్చి సరుకైతే ఆరాక తూకం తగ్గుతుంది. మధ్యవర్తుల రిపోర్టులో (పంచనామా) "పూత కొసలతో కూడిన" అనే మాట ఉందా, పొట్లాలు విడివిడిగా తూచారా, తూకం సంచితోనా, సంచి తీసేసా, ఈ మూడూ లాయరు చేత చదివించండి. సెక్షన్ 52ఏ, 2022లో వచ్చిన నిబంధనల ప్రకారం శాంపిల్ మేజిస్ట్రేట్ ఎదుట తీయాలి. గంజాయికి ఒక్కో శాంపిల్ 24 గ్రాములు, అదీ రెండేసి. స్టేషన్‌లోనే అన్ని పొట్లాలూ కలిపేసి గుప్పెడు తీసి సీలు వేస్తే, ఏ పొట్లంలో ఏముందో తర్వాత ఎవరూ చెప్పలేరు. కేసు బలహీనపడేది చాలాసార్లు ఇక్కడే.

ఒంటిమీద సోదా చేసేముందు, గెజిటెడ్ అధికారి లేదా మేజిస్ట్రేట్ ఎదుట సోదా కోరుకునే హక్కుందని పోలీసులు ఆ వ్యక్తికి చెప్పి తీరాలి. ఇది సెక్షన్ 50. ఆడవాళ్లను ఆడవాళ్లే సోదా చేయాలి. కానీ సరుకు దొరికింది బ్యాగులోనో, బండి డిక్కీలోనో అయితే సెక్షన్ 50 పనికిరాదని సుప్రీంకోర్టు 2005లోనే చెప్పింది. ఆ ఒక్క వాదన మీదే ఆశ పెట్టుకుని మిగతా లోపాలు చూడకపోవడం పెద్ద తప్పు. రేణిగుంట జంక్షన్‌లో రైలు దిగిన ప్రయాణికుడి దగ్గర దొరికే సరుకు సాధారణంగా బ్యాగులోనే ఉంటుంది.

పిల్లవాడితో ఫోనులో ఒక్క నిమిషం దొరికినా రెండు మాటలు చెప్పండి. ఖాళీ కాగితం మీద సంతకం పెట్టొద్దు. కొట్టినా, కొడతామన్నా ఆ సంగతి మేజిస్ట్రేటుకు చెప్పాలి. పోలీసు అధికారికి ఇచ్చిన నేరాంగీకారం సాక్ష్యంగా చెల్లదు. ఎన్‌డీపీఎస్ అధికారులకు ఇచ్చినదీ చెల్లదని 2020లో తూఫాన్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు తేల్చింది. అరెస్టు చేస్తే కారణాలు తెలపాలి, ఇంట్లోవాళ్లకు కబురు చేయాలి, ప్రయాణ సమయం పోను 24 గంటల్లోగా మేజిస్ట్రేటు ముందు నిలబెట్టాలి. ఏడేళ్ల లోపు శిక్ష పడే కేసుల్లో అరెస్టు లేకుండా నోటీసుతో పిలిచే వీలుంది, దాన్ని జనం 41ఏ నోటీసు అంటారు. పాత సీఆర్‌పీసీ స్థానంలో వచ్చిన కొత్త చట్టం బీఎన్‌ఎస్‌ఎస్‌లో అది సెక్షన్ 35(3). చిన్న పరిమాణం కేసుల్లో లాయరు ఇది అడగాలి.

అరెస్టు తర్వాత చేసే వైద్యపరీక్షను మొక్కుబడిగా పోనివ్వకండి. పిల్లవాడికి నిజంగా అలవాటుంటే ఆ మాట డాక్టరుకు చెప్పాలి: ఎన్నాళ్లుగా, రోజుకు ఎన్నిసార్లు, మానితే ఏమవుతోంది. నిద్ర పట్టకపోవడం, చిరాకు, తిండి సయించకపోవడం, చెమటలు, ఇవన్నీ కాగితం మీద ఉండాలి. పరువు పోతుందని తల్లిదండ్రులు ఇక్కడే నోరు నొక్కేస్తారు. మూడు నెలల తర్వాత "మావాడు వ్యసనపరుడు, చికిత్సకు పంపండి" అని పిటిషన్ వేస్తే, మొదటి రోజు ఎందుకు చెప్పలేదని జడ్జి అడుగుతారు.

ఆ పిటిషన్‌కు ఆధారం సెక్షన్ 64ఏ. వాడకం కేసులోగానీ చిన్న పరిమాణం కేసులోగానీ చిక్కిన వ్యసనపరుడు తనంతట తానే ప్రభుత్వ ఆసుపత్రిలో, లేదా ప్రభుత్వం గుర్తించిన కేంద్రంలో చికిత్స తీసుకుంటే ఆ నేరానికి ప్రాసిక్యూషన్ ఉండదు. చికిత్స మధ్యలో మానేస్తే ఆ రక్షణ తీసేయొచ్చు. అమ్మినవాడికి, ఎక్కువ సరుకు దొరికినవాడికి ఈ దారి లేదు. దోషిగా తేలాక కూడా సెక్షన్ 39 కింద, శిక్షకు బదులు, నిందితుడి సమ్మతితో బాండు రాయించుకుని కోర్టు చికిత్సకు పంపవచ్చు. ఏడాదిలోపు వైద్య నివేదిక దాఖలు చేయాలి. ఇంత మంచి దారిని చట్టమే తెరిచిపెడితే, ఎక్కువమంది జరిమానా కట్టేసి, మచ్చతో, అలవాటుతో ఇంటికి వస్తున్నారు. మమ్మల్ని అన్నిటికన్నా బాధపెట్టేది ఇదే.

ఈ దారి మన దేశం ఒక్కటే కనిపెట్టింది కాదు. మాదకద్రవ్యాల మీద ఐక్యరాజ్యసమితి 1961 ఒప్పందానికి 1972లో చేసిన సవరణ, 1971, 1988 ఒప్పందాలు వ్యసనపరులకు చికిత్స, పునరావాసం ఇవ్వడానికి చోటిచ్చాయి. పౌర, రాజకీయ హక్కుల ఒడంబడికలో భారత్ 1979లో చేరింది. కారణం లేని నిర్బంధం కూడదని, చిత్రహింస కూడదని, కస్టడీలో మనిషి గౌరవం దక్కాలని అందులో ఉంది. పిటిషన్‌లో 64ఏతో పాటు వీటిని కూడా చేర్చమనండి.

చికిత్సకు తిరుపతిలో రుయా ఆసుపత్రి మానసిక వైద్య విభాగంతో మొదలుపెట్టడం మేలు. ఓపీ చీటీ, మందుల చీటీలు, డిశ్చార్జి సమ్మరీ ఒక్కటీ పారేయొద్దు, కోర్టు అడిగేది వాటినే. ప్రైవేటు కేంద్రమైతే రాష్ట్ర మానసిక ఆరోగ్య అథారిటీ రిజిస్ట్రేషన్ కాగితం చూపించమనండి. చూపించకపోతే చేర్చొద్దు. గుర్తింపు లేని చోట ఇచ్చిన సర్టిఫికెట్ 64ఏకు పనికిరాదు. గొలుసులతో కట్టేయడాన్ని 2017 మానసిక ఆరోగ్య చట్టం పూర్తిగా నిషేధించింది, బలవంతంగా గుండు గీయడం కూడా కుదరదు. "నెలదాకా చూడ్డానికి రాకండి" అంటే అక్కడినుంచి తీసుకొచ్చేయండి. దూరంనుంచే మాట్లాడాలంటే మత్తు మాన్పించే హెల్ప్‌లైన్ 14446 ఉంది.

ఇంట్లోనే ఒక్కసారిగా మాన్పించే ప్రయత్నం గంజాయికి ప్రాణాపాయం తేదుగానీ, మద్యం, నిద్రమాత్రలు బాగా అలవాటైనవాళ్లకు ఫిట్స్ రావచ్చు. వాటిని డాక్టరు చేతిలో మెల్లగా తగ్గించాలి. హెరాయిన్‌లాంటివి కొన్నాళ్లు మానినవాడు మళ్లీ పాత మోతాదు తీసుకుంటే ఊపిరి ఆగిపోవచ్చు. జైలు నుంచి, కేంద్రం నుంచి వచ్చిన మొదటి వారాల్లో కన్నేసి ఉంచండి.

బెయిలు సంగతి: 20 కిలోలు దాటితే సెక్షన్ 37 అడ్డొస్తుంది. నిందితుడు నేరం చేయలేదని నమ్మే కారణాలు, మళ్లీ చేయడన్న నమ్మకం, రెండూ కోర్టుకు కలగాలి. ఛార్జిషీటుకు గడువు 180 రోజులు, కోర్టు ఏడాది దాకా పొడిగించవచ్చు. చిన్న పరిమాణానికి ఈ అడ్డు లేదు, గడువు 60 రోజులు. ఆ గడువులో ఛార్జిషీటు పడకపోతే వచ్చే బెయిలును డిఫాల్ట్ బెయిలు అంటారు, గడువు దాటిన రోజే దానికి పిటిషన్ వేయాలి. ఛార్జిషీటు పడ్డాక అడిగితే ఆ హక్కు ఉండదు, కాబట్టి రిమాండు తేదీ రాసిపెట్టుకుని రోజులు లెక్కపెట్టండి.

పిల్లవాడికి 18 నిండకపోతే పదో తరగతి మార్కుల జాబితా లేదా జనన ధ్రువపత్రం పట్టుకుని ఆ క్షణమే స్టేషన్‌కు వెళ్లండి. మైనరును లాకప్‌లో పెట్టకూడదు. కేసు జువెనైల్ జస్టిస్ బోర్డుకు పోతుంది. వాడి చేత సరుకు మోయించినవాడి మీద జువెనైల్ జస్టిస్ చట్టంలోని సెక్షన్ 78 కింద ఏడేళ్ల వరకు జైలుపడే కేసు పెట్టించవచ్చు. ఆ ఫిర్యాదు రాతపూర్వకంగా ఇచ్చి రసీదు తీసుకోండి.